మామ్మగారి కొట్లో రొద

"అమ్మ పోయారండీ. మీకు తెలిసే ఉంటుంది. పెద్దకర్మ కూడా అయిపోయింది. మీరొకసారి వీలు చూసుకుని వచ్చి ఆ మిషను సంగతేంటో చూడాలండీ."

షావుకారు గారు ఇదంతా ఫోన్లో ఒక్క ఊపిరిలో చెప్పేశారు, అదీ గొంతు చించుకుని. ఆయన ఫోన్లో ఎప్పుడూ అరుస్తూనే మాట్లాడతారు. కొట్లో ఉండే రొదకి అలవాటుపడిపోయిన మనిషి కదా అని నేను కూడా ఫోను చెవికి జానెడు దూరంలో పట్టుకోవడం నేర్చుకున్నాను. తల్లి పోయిన కబురుకీ, కంప్యూటర్ కబురుకీ మధ్య ఆ మహానుభావుడు ఒక నిట్టూర్పయినా విడవలేదు. నాకేమో అసలు సంగతే తెలియదు. కడియంలో ఒక నర్సరీ ఆఫీసుకి కంప్యూటర్లు బిగించే పనిలో పడి ఊళ్ళో కబుర్లేవీ నా చెవిన పడలేదు. చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి అలా కూర్చుండిపోయాను.

ముందుగా గుర్తొచ్చింది అల్మరా అడుగున అట్టపెట్టెలో పెట్టిన కంప్యూటర్ ఫ్యాను. ఆయన తల్లి మామ్మగారి కోసమని దాచిన ఫ్యాను అది. నా షాపుకి రిపేరుకి వచ్చిన ఫ్యాన్లన్నిట్లోకీ దరిద్రమైనది. తిప్పితే ఇత్తడి బిందెలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు ఉంటుంది. దాన్ని చూసి "ఇది మామ్మగారికి ఎంత బాగుంటుందో!" అని ముచ్చటపడి, తుడిచి మరీ పక్కన పెట్టాను. ఇప్పుడిక దాన్ని ఎవరికిస్తాను?

రాజమండ్రిలో నాకో చిన్న కంప్యూటర్ రిపేర్ల షాపుంది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, పెళ్ళయ్యాక కూడా ఆ పని వదల్లేదు. షాపులోకి వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను చూసి, నా వెనక్కి చూసి, "మీవారు లేరాండీ?" అని అడుగుతారు. మావారు తెలుగు మాస్టారు. స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో ఆయనకి ఈ జన్మకి తెలియదు. "లేరండీ, బడికెళ్ళారు" అంటాను. "అయితే సాయంత్రం వస్తాంలెండి" అని వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. సాయంత్రం వచ్చి ఏం చేస్తారో, మావారి చేత పద్యం చెప్పించుకుంటారో, నాకు తెలియదు.

మామ్మగారు మాత్రం మొదటిసారి నన్ను చూసి ఆ ప్రశ్న అడగలేదు. "అమ్మాయ్, నువ్వేనా మిషన్ల డాక్టరువి? మంచిది. మగాళ్ళయితే ముందు కాఫీ అడుగుతారు" అన్నారు. ఆ ఒక్క మాటకే నేను ఆవిడకి పడిపోయాను.

వాళ్ళది గోదావరి రేవుకి దిగే వీధిలో పూజాసామాన్ల కొట్టు. కర్పూరం, సాంబ్రాణి, అగరొత్తులు, పసుపు కుంకుమలు, వత్తులు, దేవుడి పటాలు, ప్లగ్గులో పెడితే రోజంతా ఒకే మంత్రం చదివే ప్లాస్టిక్ పెట్టెలు. భర్త పోయిన దగ్గర్నించీ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది మామ్మగారే. తెల్లటి ఉప్పాడ నూలు చీర, చేతికి ఒక్కొక్క బంగారు గాజు, పక్కన పటికబెల్లం ముక్కలు పోసిన గాజు సీసా. ఆవిడకి నచ్చితే సీసా మూత తీసి ఒక ముక్క చేతిలో పెట్టేవారు. నచ్చకపోతే మూత మీద చెయ్యి వేసి కూర్చునేవారు. వీధిలో వాళ్ళందరికీ ఆ లెక్క తెలుసు.

ఇంకో పద్ధతి ఉండేది ఆవిడకి. ఎవరు మాట్లాడుతున్నా కళ్ళార్పకుండా వాళ్ళ నోటి వైపే చూసేవారు. ఈ రోజుల్లో ఎదుటి మనిషి మాట ఇంత శ్రద్ధగా వినేవాళ్ళు ఎవరున్నారు, పాతకాలం మర్యాదంటే ఇదీ అనుకున్నాను. మా ఇంట్లో ఒక మాస్టారికి కూడా చెప్పాను, చూసి నేర్చుకోమని.

నన్ను పిలిచింది ఆవిడ కొడుకు షావుకారు గారు. ఆయనకీ అప్పటికే జుట్టు నెరిసింది. అయినా వాళ్ళమ్మ పక్కన నిలబడితే పరీక్ష తప్పిన కుర్రాడిలా ఉండేవారు. "విన్నారా అండీ ఆ మోత! రైలు బ్రిడ్జి మీద గూడ్సు బండి వెళ్తున్నట్టు లేదూ? కొట్లోకి వచ్చినవాళ్ళు అరిస్తేగానీ మాట వినబడట్లేదండీ. బిల్లింగు మిషనా, పిండి మరా ఇది?" అని ఆయన నా చెవిలో అరిచారు.

మామ్మగారు కూడా వెంటనే అందుకున్నారు. "ముదనష్టపు మిషను! దీని మూలంగా ఒక్క మాట వినబడి చావట్లేదు" అని దాని నెత్తిన ఒక్కటి చరిచారు.

కంప్యూటర్ని చూస్తే నాకు నవ్వాగలేదు. దానికి నిలువెల్లా పసుపు రాసి ఉంది. ముందువైపు గాలి లోపలికి వెళ్ళడానికి సన్నటి చిల్లులుంటాయి కదా, సరిగ్గా ఆ చిల్లుల మీద అరచేయంత కుంకుమ బొట్టు. నెత్తిన చామంతి పువ్వు. ఎదురుగా అగరొత్తుల స్టాండు, శుక్రవారం శుక్రవారం సాంబ్రాణి పొగ. పాపం ఆ ఫ్యాను బయటి గాలిని లోపలికి లాక్కోవడానికి పుట్టింది. వీళ్ళు భక్తిగా ఏది ఎదురుగా పెడితే దాన్ని లాక్కుంది. మూత విప్పేసరికి లోపల రేకుల సందుల్లో పసుపూ, కుంకుమా, సాంబ్రాణీ కలిసి అట్టకట్టి ఉన్నాయి. వేడెక్కిపోయి, ఆ వేడి తగ్గించుకోలేక ఫ్యాను ప్రాణాలు పెట్టి తిరుగుతోంది. గుడి తలుపు తీసినట్టు గుప్పున వాసన కొట్టింది.

వీధిలోకి తీసుకెళ్ళి దుమ్మంతా ఊదాను. ఎర్రటి మేఘం లేచి ఎదురుగా ఉన్న చెప్పుల కొట్టు మీద వాలింది. లోపల చిప్పు మీద వేడి లాగడానికి రాసే మందు ఎండిపోతే గోకి కొత్తది రాశాను. అరిగిపోయిన ఫ్యాను పీకి బల్ల కింద పడేసి, కొత్తది బిగించాను. ఆన్ చేస్తే చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు. షావుకారు గారు చేతులు జోడించారు. "ఇంకోటండీ, వాడనప్పుడు దానంతటదే నిద్రపోయేలా పెట్టాను. కరెంటూ కలిసొస్తుంది, వేడీ ఉండదు. మౌసు కదిపితే లేస్తుంది" అని గొప్పగా చెప్పాను.

మామ్మగారు నా నోటివైపే చూస్తున్నారు. "నిద్రపోతుందా? కొట్టు తెరిచి ఉండగా?" అన్నారు.

"అవునండీ."

"ఆయ్, దానికేముందమ్మా, అలాగే" అన్నారు. సీసా మూత మీద చెయ్యి మాత్రం తియ్యలేదు. ఇంత పని చేస్తే పటికబెల్లం ముక్కయినా ఇవ్వలేదేంటని ఆ రోజంతా నాకు ఒళ్ళు మండింది.

ఆ వారం తిరక్కుండానే షావుకారు గారి ఫోను. "అమ్మ మిమ్మల్నే రమ్మంటున్నారండీ. మిషను బాగానే ఉంది, ఎందుకో మరి!"

వెళ్ళేసరికి మామ్మగారు కొడుకుని భోజనానికి పంపించేశారు. నన్ను దగ్గరగా కూర్చోబెట్టుకుని, "అమ్మాయ్, పాత ఫ్యాను మళ్ళీ బిగించెయ్" అన్నారు.

"అదేంటండీ, అది పాడైపోయింది కదా!"

"అది మోగినన్నాళ్ళూ నా కొట్లో బేరం తప్పలేదు. అది ఆగిన దగ్గర్నించీ ఒక్క బేరం తిన్నగా అవ్వట్లేదు. పైగా నువ్వు పెట్టావు చూడు నిద్ర, ఉన్నట్టుండి తెర నల్లగా అయిపోతోంది. కొట్టు తీసి ఉండగా దీపం కొండెక్కినట్టుంటుంది. వైశ్యుల ఇల్లమ్మా మాది, అలాంటివి కూడదు."

నాకు తిక్క రేగింది. నా చేతి మీదుగా బాగుపడిన మిషను వల్ల బేరాలు పోవడమేంటి! చదువుకున్నదాన్ని కదా, ఆవిడకి మెల్లగా నచ్చచెప్పడం మొదలెట్టాను. ఫ్యాను ఎందుకు తిరుగుతుందో, నిద్ర అంటే నిజంగా ఏమవుతుందో అన్నీ వివరించాను. మామ్మగారు నా నోటివైపు చూస్తూ తల ఊపుతున్నారు.

ఇంతలో ఒకావిడ కొట్లోకి వచ్చింది. పట్టుచీర, చేతిలో బుట్ట, ఎక్కడో పెద్ద పూజ పెట్టుకున్నట్టుంది. కర్పూరం ప్యాకెట్టు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తూ, ఆ ప్యాకెట్టు చాటునుంచే నెమ్మదిగా అడిగింది. "ఇందులో మైనంలాంటిదేమైనా కలుపుతారాండీ?"

మామ్మగారు నిండుగా నవ్వారు. "ఆయ్, దానికేముందండీ, అలాగే! మీకెంత కావాలంటే అంత" అన్నారు.

ఆవిడ ప్యాకెట్టు అక్కడ పెట్టి, నావైపోసారి, మామ్మగారివైపోసారి చూసి వెళ్ళిపోయింది. మామ్మగారు ఆ వెళ్ళే మనిషి వీపు చూస్తూ ఉండిపోయారు. ఏదో తప్పు జరిగిందని తెలుసు. ఏం జరిగిందో తెలియదు. ఆ మొహం చూసేసరికి నా తిక్కంతా దిగిపోయింది. నోటివైపు చూడటం మర్యాద కాదని, ఆ నోటికి ఏదైనా అడ్డొస్తే ఆవిడకి ప్రపంచం మూగదైపోతుందని అప్పుడు నా బుర్రకెక్కింది.

మిషను మోగుతున్నన్నాళ్ళూ కొట్లోకి వచ్చిన ప్రతివాడూ అరిచి మాట్లాడేవాడు. వినబడకపోతే "ఈ రొదలో వినబడలేదండీ, గట్టిగా చెప్పండి" అనడానికి ఆవిడకో దారి ఉండేది. నేనొచ్చి ఆ దారి శుభ్రంగా ఊడ్చేశాను.

"మామ్మగారూ, మీకు..." అని నా చెవి చూపించాను.

ఆవిడ గబుక్కున వీధిలోకి చూశారు, కొడుకు వస్తున్నాడేమోనని. "గట్టిగా అనకు" అన్నారు. నేనసలు గొంతే ఎత్తలేదు, పాపం, ఆవిడకి ఆ సంగతి తెలియదు.

"చెవికి మిషను పెట్టుకోవచ్చు కదండీ. కనబడనంత చిన్నవి కూడా వచ్చాయి" అన్నాను, పెదాలు విప్పి విప్పి.

"కళ్ళజోడు పెట్టుకుంటే చదువుకుందంటారు. చెవిలో మిషను పెట్టుకుంటే చెవిటిదంటారు. గల్లా దగ్గర కూర్చున్న మనిషికి వినబడదని తెలిస్తే, వచ్చినవాడు సగం బేరం గొణుక్కుంటూ ఆడతాడు. అది సరే, వాళ్ళని నేను చూసుకుంటాను. మావాడికి తెలిసిందనుకో, 'ఇంక చాలమ్మా, ఇంటిపట్టున కూర్చుని రామా కృష్ణా అనుకో' అంటాడు. ఎప్పుడు అందామా అని కాచుకుని ఉన్నారు మొగుడూ పెళ్ళాలు. రాముణ్ణీ కృష్ణుణ్ణీ ఇక్కడ కూర్చుని పటాలు కట్టి నేనే అమ్ముతున్నాను కదే. ఇంట్లో గోడవైపు తిరిగి కూర్చుని ఎందుకు అనుకోవాలి?"

అని, కాస్త ఆగి, "ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరు అమ్మాయ్. ఇక్కడ పొద్దున్నించి రాత్రి దాకా అందరూ నాతోనే మాట్లాడతారు" అన్నారు. గొంతులో ఏడుపేమీ లేదు. కొట్లో సరుకు ఎక్కడెక్కడుందో చెబుతున్నట్టు చెప్పారు.

ఆ మధ్యాహ్నం నేను నా జన్మలో ఎప్పుడూ చెయ్యని రిపేరు చేశాను. మంచి ఫ్యాను లోపల అలాగే ఉంచాను. లేకపోతే మిషను మాడిపోతుంది. పాత ఫ్యానుని వెనకవైపు రేకుకి, కావాలనే ఒక స్క్రూ వదులుగా ఉంచి బిగించాను. గాలికి ఒకటి, మోతకి ఒకటి. నిద్ర కూడా తీసేశాను. ఆన్ చెయ్యగానే గూడ్సు బండి మళ్ళీ బ్రిడ్జి ఎక్కింది. మామ్మగారు కళ్ళు మూసుకుని, అరచెయ్యి మిషను మీద ఆనించి, ఆ అదురు చూసుకుని, "ఆఁ" అన్నారు. సీసా మూత తీసి ఒక ముక్క కాదు, గుప్పెడు పటికబెల్లం నా సంచిలో పోశారు.

భోజనం చేసి వచ్చిన షావుకారు గారు గుమ్మంలోనే నెత్తిన చేతులు పెట్టుకున్నారు. "మళ్ళీ మొదలైందేంటండీ బాబూ!"

"సాంబ్రాణి పడదండీ దీనికి. ఈ కొట్లో ఏ ఫ్యానైనా ఇంతే" అని అరిచాను.

"ముదనష్టపు మిషను!" అన్నారు మామ్మగారు, నాకంటే గట్టిగా.

అప్పట్నించీ నేను ఆ కొట్టుకి ఆస్థాన వైద్యురాలినయ్యాను. ఊరందరికీ రొద తగ్గించడం నా పని, ఆవిడకి మాత్రం రొద తగ్గకుండా చూడటం నా పని. పాత ఫ్యాను పూర్తిగా అరిగిపోయి, మరీ పాడైపోయి, మోత మానేసిందనుకోండి, మామ్మగారి కబురు వచ్చేది, "డాక్టరమ్మని రమ్మను, మిషనుకి నీరసంగా ఉంది" అని. నా షాపుకి ఎవరైనా గీపెట్టే ఫ్యానున్న కంప్యూటర్ తెస్తే నేను చెవి ఒగ్గి వినేదాన్ని. ఒకాయన అయితే, "ఇంత శ్రద్ధగా వినే మెకానిక్‌ని నేను చూళ్ళేదమ్మా" అని తెగ మెచ్చుకున్నాడు. ఆ ఫ్యాను తీసి మామ్మగారి కోసం దాచుకున్నానని తెలిస్తే ఏమనేవాడో.

మామ్మగారి తరఫు జాగ్రత్తలు మామ్మగారివి. నిద్ర తీసేశానని ఎన్నిసార్లు చెప్పినా నమ్మేవారు కాదు. ఎడమ చెయ్యి ఎప్పుడూ మౌసు మీదే ఉండేది. మాట్లాడుతూ, చిల్లర ఇస్తూ, తుమ్ముతూ కూడా దాన్ని అటూ ఇటూ రుద్దుతూనే ఉండేవారు. చూసినవాళ్ళు "ఈ వయసులో కూడా ఎంత పని చేస్తారో కంప్యూటర్ మీద!" అని ముక్కున వేలేసుకునేవారు.

ఆ జాగ్రత్త ఊరికే పోలేదు. ఒకసారి దేనికో నేను అక్కడికి వెళ్ళిన రోజునే, కంప్యూటర్ తనంతట తాను ఏవో కొత్త మార్పులు తెచ్చి వేసుకుని, నేను తీసేసిన నిద్రని మళ్ళీ పెట్టేసుకుంది. కార్తీకమాసం, కొట్టు కిటకిటలాడుతోంది. మామ్మగారు రెండు చేతులతో వత్తుల కట్టలు అందిస్తూ మౌసుని వదిలేశారు. ఉన్నట్టుండి తెర నల్లబడింది. ఫ్యాన్లు రెండూ ఆగిపోయాయి. అరుస్తున్న జనం తమ అరుపు తమకే వినబడి సిగ్గుపడి, అందరూ ఒక్కసారి గొంతు దించేశారు. ఎదురుగా ఒకాయన ఏదో గొణుగుతున్నాడు, గుబురు మీసం కింద పెదాలే కనబడట్లేదు.

మామ్మగారి మొహంలో రంగు పోయింది. అయినా ఆవిడ ఆవిడే! ఒక్క క్షణంలో తేరుకుని, చెయ్యి చాచి, అద్దాల అరలో ఉన్న మంత్రాల పెట్టెలు ఒక్కొక్కటీ ప్లగ్గుల్లో పెట్టి ఆన్ చేసేశారు. శివుడు ఒక పెట్టెలోంచి, వెంకన్న ఒక పెట్టెలోంచి, అమ్మవారు ఇంకో దాంట్లోంచి, అందరూ కలిసి కొట్టు పైకప్పు లేచిపోయేలా అందుకున్నారు.

"ఏంటమ్మా ఇది?" అని అరిచారు షావుకారు గారు.

"కార్తీకం కదరా, బేరానికి అడుగుతున్నారు. పనిచేస్తున్నాయో లేదో చూడొద్దూ?" అని, మీసాలాయన వైపు తిరిగి, "ఈ గోలలో వినబడలేదండీ, కాస్త గట్టిగా చెప్పండి" అన్నారు. ఆయన కూడా గట్టిగా చెప్పాడు. నేను నవ్వాపుకోలేక బల్ల కిందకి దూరి, తీగలు సరిచేస్తున్నట్టు నటించి, నిద్రని మళ్ళీ పీకేశాను. ఆ రోజు మంత్రాల పెట్టెలు బాగానే అమ్ముడుపోయాయని తర్వాత విన్నాను.

షావుకారు గారి సంగతి ఒకటి చెప్పాలి. మొదట్లో ఆయన నేనెప్పుడు వెళ్ళినా ఫ్యాను గురించి పోట్లాడేవారు. కొత్త కంప్యూటర్ కొంటానని బెదిరించేవారు. "ముహూర్తం పెట్టి తెచ్చిన మిషనురా, బతికుండగా మార్చకూడదు" అని మామ్మగారు అడ్డం పడేవారు. ఆయన భార్య కొట్లోకి వచ్చినప్పుడల్లా చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, "అత్తయ్యగారికి ఈ వయసులో ఇదెందుకండీ, ఇంటిదగ్గర ఉండొచ్చు కదా" అనేవారు. పోనుపోను షావుకారు గారు మాత్రం నోరెత్తడం మానేశారు. మిషను ఎంత మోగినా తన పాటికి తను పొట్లాలు కట్టుకుంటూ ఉండేవారు. తల్లి మీద భక్తి కుదిరిందనుకున్నాను. ఇంత మంచి కొడుకుని ఊరికే ఆడిపోసుకున్నానే అని కూడా అనుకున్నాను.

నేను ఆఖరిసారి చూసినప్పుడు మామ్మగారు చిక్కిపోయి ఉన్నారు. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. చెయ్యి మాత్రం మౌసు మీదే ఉంది. "అమ్మాయ్, మోత పలచబడిందే. మంచిదొకటి చూసి పెట్టు" అన్నారు. "చూస్తాను మామ్మగారూ" అన్నాను. చూశాను కూడా. అల్మరా అడుగున ఉన్నది అదే.

షావుకారు గారి ఫోను వచ్చిన మర్నాడు బయలుదేరుతూ, ఆ అట్టపెట్టె ఎందుకో సంచిలో పడేసుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. పోయినవాళ్ళ ఇంటికి ఉత్తి చేతులతో వెళ్ళకూడదనిపించిందేమో.

కొట్లో మామ్మగారు కూర్చునే చోట షావుకారు గారు కూర్చున్నారు. వెనక గోడకి దేవుళ్ళ పటాల వరసలో మామ్మగారి పటం కూడా పెట్టారు. కొత్తవాళ్ళెవరైనా రేటు అడుగుతారేమోనని నాకు భయమేసింది. మిషను ఓపిక లేని మోత మోగుతోంది. భార్య గారు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నారు.

"మంచి ఫ్యాను వేసి దీని నోరు మూయించండమ్మా. అత్తయ్యగారి కోసం ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాం" అన్నారావిడ నాతో, గట్టిగా. "ఈయనకి కూడా చెబుతున్నాను, ఇంక మీరూ ఇంటిపట్టున ఉండండి, కొట్టు నేనూ అబ్బాయీ చూసుకుంటాం అని. వింటేనా!"

షావుకారు గారు ఆవిడ నోటివైపే చూశారు. మౌసుని అటూ ఇటూ రుద్దారు.

ఆవిడ కాఫీ తెస్తానని పక్క సందులో ఉన్న ఇంటికి వెళ్ళారు. నేను వంగి, మిషను వెనకనించి మోత ఫ్యాను విప్పేశాను. మళ్ళీ ఆన్ చేస్తే, లోపలి మంచి ఫ్యాను ఒక్కటే, ఉందో లేదో తెలియకుండా తిరిగింది. ఎన్నేళ్ళకో ఆ కొట్లో గోడ గడియారం చప్పుడు వినబడింది. నా కళ్ళు చెమర్చాయి. అది ఆయన చూడకూడదని మిషను వెనకే తల దాచుకుని, నెమ్మదిగా అడిగాను.

"మామ్మగారు చివర్లో ఏమైనా బాధపడ్డారాండీ?"

"ఆయ్, దానికేముందండీ, అలాగే" అన్నారు షావుకారు గారు.

నేను తల పైకెత్తాను. ఆయన నిండుగా నవ్వుతున్నారు. నా మొహం చూడగానే ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఏదో తప్పు జరిగిందని ఆయనకి తెలిసింది. ఏం జరిగిందో తెలియలేదు. ఆయన కళ్ళు గబగబా నా పెదాల మీదకి వచ్చాయి, ఆ తర్వాత భార్య వెళ్ళిన వైపు వీధిలోకి వెళ్ళాయి. భక్తి కాదురా దేవుడా, అనుకున్నాను. ఆయన రొద గురించి పోట్లాడటం మానేసింది ఎప్పుడో, ఎందుకో, ఫోన్లో అంత అరుపెందుకో, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. తల్లీకొడుకులు పక్కపక్కనే కూర్చుని, ఒకే ఫ్యాను చాటున, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా దాక్కున్నారు. ఫ్యానుని తిట్టింది ఆవిడ, మోసింది నేను, చల్లగా బతికింది ఈయన!

సంచిలోంచి అట్టపెట్టె తీశాను. బెత్తెడు ఫ్యాను బయటపడగానే ఆయన నా చేతులవైపే చూస్తూ కూర్చున్నారు. వెనక రేకుకి ఆనించి, మూడు స్క్రూలు బిగించి, నాలుగోది వదులుగా వదిలేశాను. నిద్ర సెట్టింగు ఒకసారి చూసి, 'ఎప్పటికీ వద్దు' అన్న దాని మీదే ఉందని నిర్ధారణ చేసుకుని, ఆన్ చేశాను.

ఇత్తడి బిందెలో గులకరాళ్ళు లేచాయి. పటాలు అదిరాయి, మామ్మగారి పటంతో సహా. కాఫీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చిన భార్య గారు అక్కడే ఆగిపోయి, "అయ్యో, ఇదేంటమ్మా, మునుపటి కంటే ఎక్కువైంది!" అని అరిచారు.

"సాంబ్రాణి పడదండీ దీనికి! కొత్త మిషను తెచ్చినా ఇంతేనండీ!" అని నేనూ అరిచాను.

షావుకారు గారు అరచెయ్యి మిషను మీద ఆనించి కాసేపు అలాగే ఉంచారు. తర్వాత పటికబెల్లం సీసా దగ్గరికి లాక్కుని మూత తీశారు.

"ముదనష్టపు మిషను!" అన్నారు హాయిగా, వీధి చివరి దాకా వినబడేలా.